బియ్యం సరే, కూర మాటేమిటి?

ప్రశ్న: మాది మోతీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్. మేం 14 మంది ఆడవాళ్లం నెలనెలా కిట్టీ పార్టీ చేసుకుంటాం. ఈ ఏడాది ఆ డబ్బుకి ఇంకొంత కలిపి, నెలకు 20 వేలు పక్కనే ఉన్న బోరబండ బస్తీ కోసం ఖర్చు పెడదామనుకున్నాం. కార్తీకమాసంలో ఒక రోజు పులిహోర, దద్దోజనం, బూందీ లడ్డూ పెట్టాం. 150 మందికి పైగా తిన్నారు, చాలా తృప్తిగా అనిపించింది. మర్నాడు మా ఇంట్లో పనిచేసే ఆమె రాలేదు. ఆమె మనవరాలికి రెండేళ్లు. పాప బరువు బాగా తక్కువుందని అంగన్‌వాడీలో చెప్పారట, దవాఖానాకి తీసుకెళ్లింది. రెండు వీధుల అవతల అలా ఉంటే మేం లడ్డూలు పంచి ఫొటోలు దిగామని మనసు అదోలా అయిపోయింది. ఇకమీదట పద్ధతిగా చేయాలని ఉంది. కొందరు సరుకుల కిట్లు ఇద్దామంటున్నారు, కొందరు ప్రతి ఆదివారం వండి పెడదామంటున్నారు. ఒకావిడ మాత్రం "ఏమిచ్చినా అమ్ముకుంటారు, రేషన్ బియ్యం అమ్ముకోవట్లేదా?" అంటుంది. ఏం చేస్తే నిజంగా పనికొస్తుంది?
– ఒక పాఠకురాలు, మోతీనగర్, హైదరాబాద్

జవాబు: లడ్డూలు పంచినందుకు బాధపడకండి. పేదవాళ్ల పిల్లలకు మాత్రం తీపి తినాలని ఉండదా? అది పండగ పని, బాగానే చేశారు. ఆకలి పని వేరు. ఈ రెంటికీ వేరువేరు ఖాతాలు రాసుకుంటే మీ మనసూ కుదుటపడుతుంది, డబ్బూ దారిన పడుతుంది.

ఈ మాట చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. మీకంటే ముందు నేను పొరపాటు చేశాను. 2020 లాక్‌డౌన్‌లో మా కాలనీవాళ్లం కలిసి సరుకుల సంచులు కట్టాం. ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటర్ నూనె, ఉప్పు, కారం, పసుపు. ఆటోలో వేసుకుని, సగంలో ఆగిపోయిన ఒక బిల్డింగ్ దగ్గరికి వెళ్లాం. రేకుల షెడ్లలో ఉన్న కుర్రాళ్లు సంచులు తీసుకుని మొహమాటంగా నిలబడ్డారు. కాసేపటికి వాళ్లలో ఒకతను హిందీలో అడిగాడు: సిలిండర్ అయిపోయి నాలుగు రోజులైంది, ఈ పప్పు ఎలా ఉడకబెట్టుకోవాలి అని. మేం ఎవ్వరం ఆ సంగతి అడగనే లేదు. ఇంకో గల్లీలో ఆటో ఆగిన చోట ఉన్న ఇళ్లకు మూడుసార్లు సంచులు అందాయి. చివరింట్లో మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని ఒంటరి ముసలామెకు ఒక్కటీ అందలేదు. అది మాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. అప్పటినుంచి సంచి కట్టేముందు లెక్క చూడటం అలవాటు చేసుకున్నాను.

ఆ లెక్క మీకూ చెబుతాను. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ. మనిషికి రోజుకు 2,000 కేలరీల తిండి ఎలా ఉండాలో వాళ్లు ఒక పళ్లెం బొమ్మ వేసి చూపిస్తారు. అందులో బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములే. పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పల్లీలు నువ్వుల్లాంటివి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు.

ఇప్పుడు ఈ పళ్లెం పక్కన రేషన్ కార్డు పెట్టి చూడండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు ఐదు కిలోలు, తెలంగాణలో ఇంకో కిలో కలిపి ఆరు కిలోల బియ్యం ఇస్తున్నారు. అంత్యోదయ కార్డు ఉంటే ఇంటికి 35 కిలోలు. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యమే. పళ్లెం లెక్కన మనిషికి నెలకు కావలసిన గింజలు ఏడున్నర కిలోలు. అంటే కార్డున్న ఇంట్లో అన్నం మెతుకుల బాకీ చాలావరకు తీరిపోయింది. మిగతా పళ్లెమంతా ఖాళీ. నలుగురున్న ఇంటికి ఆ 85 గ్రాముల లెక్కన నెలకు పది కిలోల పైచిలుకు పప్పు, గుడ్లు, మాంసం కావాలి. కందిపప్పు కిలో నూరు దాటిన రోజుల్లో కిరాయి కట్టి, స్కూలు ఫీజు కట్టి అంత కొనే ఇల్లు బస్తీలో ఎక్కడుంటుంది? (మీ అపార్ట్‌మెంట్‌లోనూ ఎన్ని ఇళ్లలో కొంటున్నారో ఒకసారి అడిగి చూడండి, అది వేరే కథ.) నెల మొదటి వారం పప్పు, రెండో వారం టమాటా, మూడో వారం చింతపండు చారు, నాలుగో వారం పచ్చడి మెతుకులు. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టేది ఏమీ ఉండదు. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇంత బియ్యం పండే రాష్ట్రంలో ఈ అంకెలు వచ్చాయంటే లోటు బియ్యంలో లేదనేగా.

అందుకని కిట్ల ఆలోచన పక్కన పెట్టండి, ముఖ్యంగా బియ్యం ఉన్న కిట్లు. మీరు ఐదు కిలోల బియ్యం ఇస్తే ఆ ఇంట్లో ఐదు కిలోల బియ్యం మిగులుతుంది, అంతే.

అన్నట్టు, అమ్ముకుంటారు అన్న ఆవిడ మాట. దొడ్డు బియ్యం ఇచ్చిన రోజుల్లో అమ్ముకున్న ఇళ్లున్నాయి, దాచడమెందుకు. ఆటోలో వచ్చి కిలో ఇంతని కొనుక్కుపోయేవాళ్లు. ఆ డబ్బుతో ఏం కొనేవాళ్లో ఆవిడ ఎప్పుడైనా అడిగారా? నేను అడిగినప్పుడు వచ్చిన జవాబులు: తినగలిగే సన్నబియ్యం, నూనె పాకెట్, పాలు. తాగుడుకు పోయిన ఇళ్లూ ఉండే ఉంటాయి, కాదనను. కానీ చాలామంది ఆడవాళ్లు చేసింది, ప్రభుత్వం ఇచ్చిన పళ్లెంలో ఒక్క అన్నమే ఉంటే అందులో కొంత ఇచ్చేసి కూర కొనుక్కోవడం. మనం దీపావళికి వచ్చిన రెండో కాజూ కత్లీ డబ్బాని ఇంకొకరికి చేరవేయడం లాంటిదే అది, కాకపోతే వాళ్లకు అవసరం, మనకు అలవాటు.

సరే, ఏం చేయాలి? ముందు బస్తీలో ఇప్పటికే ఏమేమి ఉన్నాయో చూసుకుని, అవి ఎక్కడ తెగిపోతున్నాయో అక్కడ ముడి వేయండి. కొత్త దుకాణం తెరవకండి.

అంగన్‌వాడీతో మొదలుపెడదాం. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి పాకెట్, 16 గుడ్లు ఇవ్వాలి. (ఆ బాలామృతం తయారయ్యేది మన నాచారంలోనే.) మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడే భోజనం, గుడ్డు. గర్భిణులకు, బిడ్డకు ఆరు నెలలు వచ్చేదాకా బాలింతలకు 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద మధ్యాహ్నం ఒక పూట పూర్తి భోజనం: అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. కాగితం మీద చూస్తే మీ 14 మందికీ పని లేదనిపిస్తుంది. మరి ఎక్కడ తెగుతోంది?

మీ ఇంట్లో పనిచేసే ఆమె మనవరాలి సంగతే తీసుకోండి. ఆ పాప తల్లి కూడా ఇళ్లలో పనులే చేస్తుంటే, పొద్దున ఆరున్నరకు బయల్దేరి నాలుగైదు ఇళ్లు చూసుకుని తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. మూడేళ్లు దాటిన పిల్లలకు పెట్టే అంగన్‌వాడీ భోజనం అప్పటికి అయిపోతుంది. రెండేళ్ల పాపకు మధ్యలో తినిపించేదెవరు? పక్కింటి పదేళ్ల పిల్ల, లేదా కంటిచూపు ఆనని తాత. ఏడుస్తే పది రూపాయల చిప్స్ పొట్లం చేతిలో పెడతారు. పాప నోరు మూస్తుంది, ఆకలి చచ్చిపోతుంది. బాలామృతం పాకెట్ ఇంట్లోనే ఉంటుంది, కలిపి పెట్టే చెయ్యి ఉండదు. పెద్ద పిల్లలూ ఆ పాకెట్‌ని తీపిగా ఉంటుందని చెంచాలతో తినేస్తారు. రెండేళ్ల పిల్లకు కడుపు చిన్నది, రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. తల్లి అయిదిళ్ల అంట్లు తోముతూ ఆ పని చేయలేదు. మనం తిండి లేదనుకుంటున్న చాలా చోట్ల లేనిది టైము. (పని మధ్యలో ఆమెకు ఒక గంట తీరిక ఇవ్వగలిగేది ఎవరో చెప్పక్కర్లేదు. మీ 14 ఇళ్లలోనే మొదలుపెట్టొచ్చు.)

కాబట్టి మీ 20 వేలలో మొదటి ఖర్చు వస్తువు మీద కాదు, మనిషి మీద. బస్తీలోనే ఉండే, పిల్లలంటే ఓపిక ఉన్న, ఇళ్ల పనులకు వెళ్లే ఓపిక తగ్గిన ఒక పెద్దావిడను చూసుకోండి. నెలకు ఏడు వేలు ఇవ్వండి. పదిమంది పనివాళ్ల పిల్లల్ని పొద్దున పోగుచేయడం, అంగన్‌వాడీకి తీసుకెళ్లడం, కూర్చోబెట్టి తినిపించడం, తిరిగి తీసుకురావడం, మధ్యాహ్నం ఇంకోసారి పెట్టడం ఆమె పని. అంగన్‌వాడీ టీచర్‌తో ముందే మాట్లాడండి. మీరు తనిఖీకి వచ్చారనుకుంటే ఆమె బిగుసుకుపోతుంది. రికార్డులు, యాప్‌లు, సర్వేలు అన్నీ ఆమె నెత్తిన ఉంటాయి. "పిల్లల్ని తీసుకురావడానికి మేం మనిషిని పెడతాం, మీకు ఇంకేం సాయం కావాలి" అని అడిగితే ఆమే దారి చెబుతుంది. బరువు తూచే మిషన్ పాడైందనో, నీళ్ల డ్రమ్ము లేదనో అంటుంది. అవి కొనిపెట్టండి.

ఆ రెండేళ్ల పాప గురించి విడిగా చెప్పాలి. బరువు తక్కువ అన్నాక ఇంటి చిట్కాలతో ఆగకూడదు. అంగన్‌వాడీలోనో ఆశా వర్కర్ దగ్గరో దండచేతి చుట్టుకొలత చూసే రంగుల టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఆ కొలత 12.5 సెంటీమీటర్ల పైన ఉంటే ఆకుపచ్చ, 11.5 కంటే తగ్గితే ఎరుపు. మధ్యలో పసుపు. ఎరుపు వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలి. నిలోఫర్ ఆస్పత్రిలో ఇలాంటి పిల్లల కోసం పోషకాహార పునరావాస కేంద్రం ఉంది, తల్లితో పాటు ఉంచుకుని చూస్తారు. అక్కడ ఉండాల్సి వస్తే తల్లికి అన్ని రోజుల కూలి పోతుంది. ఆ పది, పదిహేను రోజుల జీతం ఆమె పనిచేసే ఇళ్లవాళ్లు కోయకుండా ఉండటం, ఆటో ఖర్చు ఇవ్వడం మీరు చేయగల గొప్ప సాయం. పసుపు వచ్చినా, విరేచనాలు పదేపదే అవుతున్నా బస్తీ దవాఖానాలో చూపించండి. కడుపులో నులిపురుగులు ఉన్నా తిన్నది ఒంటబట్టదు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆ మాత్ర ఇస్తారు. మళ్లీ నీళ్లు కలుషితమైతే ఎంత తినిపించినా పోసినట్టే పోతుంది. బోరింగ్ నీళ్లు తాగుతున్నారా, నల్లా నీళ్లా అన్నది కూడా అడగండి.

ఇక అసలు ఏ పథకమూ చేరనివాళ్లు ఎవరు? ఇది మీరు తిరిగి చూస్తేనే తెలుస్తుంది, కానీ నా అనుభవంలో నాలుగు రకాలు. మొదటివాళ్లు ప్రైవేటు బడి పిల్లలు. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, వారానికి మూడు గుడ్లూ ఉన్నాయి. కానీ బస్తీలో చాలామంది ఇంగ్లిష్ మీడియం కోసం గల్లీలోని చిన్న ప్రైవేటు బడికి పంపుతారు. అక్కడ ఫీజు తప్ప భోజనం ఉండదు. డబ్బాలో అన్నం, పచ్చడి. రెండోవాళ్లు పదమూడు, పద్నాలుగు దాటిన ఆడపిల్లలు. చిన్నపిల్లలు కారు, గర్భిణులు కారు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే వయసు వాళ్లది. మూడోవాళ్లు బిడ్డకు ఆరు నెలలు దాటిన తల్లులు. ఆరోగ్యలక్ష్మి భోజనం ఆగిపోతుంది, పాలివ్వడం ఆగదు. నాలుగోవాళ్లు మా చివరింటి ముసలామె లాంటివాళ్లు. ఒంటరి ముసలివాళ్లకు కార్డు ఉన్నా, వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోక తిప్పలు పడుతుంటారు.

ఈ లిస్టు మీరు రాయకండి. బస్తీ ఆడవాళ్లతో రాయించండి. బోరబండలో పొదుపు సంఘాలుంటాయి, వాటి మీద బస్తీ సమాఖ్య, ప్రతి కొన్ని సంఘాలకూ వాటి పని చూసే ఒక ఆర్పీ (రిసోర్స్ పర్సన్) ఉంటుంది. మన నగరంలో ఈ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పని 1967లోనే మొదలైంది, మనలో చాలామందికంటే పాతది. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు 1990లలో ఇంకో మెట్టు ఎక్కారు. బీడు పడ్డ పొలాల్లో జొన్న వేయించి, పండిన దాంట్లో కొంత ఊరి నిధిగా తీసుకుని, తక్కువ ధరకు ఊళ్లో పేదలకు ఇచ్చుకున్నారు. ఎవరు ఎక్కువ పేద, ఎవరు కాస్త నయం అన్నది ఆఫీసు తేల్చలేదు, ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. పట్నంలో జొన్న పండించలేం గానీ ఆ కూర్చోవడం మాత్రం నేర్చుకోవచ్చు. ఎవరింట్లో పొయ్యి ఎన్నిసార్లు వెలుగుతుందో గల్లీకి తెలుసు. మీకూ నాకూ తెలియదు.

డబ్బు కంటే మీ దగ్గర ఇంకో విలువైనది ఉంది. ఫారం నింపడం, ఆఫీసులో నిలబడి ఇంకోసారి అడగడం, "రేపు రండి" అంటే "ఎందుకు?" అనగలగడం. కొత్తగా పెళ్లై వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోంచి తీయిస్తే తప్ప అత్తింటి కార్డులో చేరదు. పుట్టిన పిల్లల పేర్లు చేర్పించాలంటే మీసేవకి వెళ్లాలి, ఆ రోజు కూలి పోతుంది. అందుకని ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తారు. ఒక్కో పేరుకీ నెలకు ఆరు కిలోలు, ఏడాదికి 72 కిలోలు. మీ కిట్లు ఎన్ని కడితే అంతవుతాయి? పాలమూరు నుంచో నారాయణపేట నుంచో వచ్చినవాళ్లు ఊళ్లో కార్డు ఉందని ఇక్కడ తీసుకోవడం మానేస్తారు. రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు. బిహార్, ఒడిశా, ఆంధ్ర కార్డులున్నవాళ్లకూ ఒకే దేశం ఒకే కార్డు కింద వేలిముద్ర వేసి ఇక్కడే తీసుకునే వీలుంది. డీలర్ కాదంటే 1967కి ఫోన్ చేయొచ్చు. మీ 14 మందిలో ఇద్దరు నెలకు రెండు రోజులు ఈ పని మీదే ఉండండి. వంట ఇష్టం లేనివాళ్లు మీలో ఎలాగూ ఉంటారు కదా.

రేషన్ బియ్యంలో తేడాగా కనిపించే గింజలు ఉన్నాయని, ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్లు ఎదురైతే కంగారు పడొద్దని చెప్పండి. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజలవి, వందకు ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు.

ఇప్పుడు ఆదివారం వంట. ఆదివారం అన్నవాళ్లు తెలియకుండానే సరైన చోట వేలు పెట్టారు. ఆ రోజు అంగన్‌వాడీ ఉండదు, బడి భోజనం ఉండదు. కానీ పెద్ద గుండిగలు, షామియానా ఏమీ వద్దు. గుడ్డు చాలు. లిస్టులో తేలినవాళ్లను 60 మంది అనుకుందాం, వారానికి మూడు గుడ్లు చొప్పున 180, అంటే ఆరు ట్రేలు. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే నెలకు ఐదున్నర వేలలోపే. ఆదివారం ఒకటి, బుధవారం, శుక్రవారం సాయంత్రం బడి విడిచాక ఒక్కోటి. సంఘం ఆడవాళ్లే ఎవరో ఒకరింట్లో ఉడకబెడతారు, గ్యాస్ డబ్బులు ఇవ్వండి. ఉడకబెట్టి అక్కడే తినిపించమనడం ఎందుకంటే, పచ్చి గుడ్లు ఇంటికి వెళితే కూరై, కూర ముందు నాన్నకు, తర్వాత మగపిల్లాడికి వెళుతుంది. ఇది బస్తీకి మాత్రమే సంబంధించిన జబ్బు కాదు, మీకు తెలుసు. మీలో గుడ్డు ముట్టనివాళ్లు ఉండొచ్చు. ముట్టక్కర్లేదు, డబ్బిస్తే చాలు. "మేం తినం కాబట్టి వాళ్లకీ వద్దు" అని మాత్రం అనకండి.

ఎర్రగడ్డ రైతుబజార్ మీకు దగ్గరే. సాయంత్రం పొద్దుపోయాక ఆకుకూరలు కట్టలకు కట్టలు తక్కువ ధరకు వస్తాయి. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు. వారానికి రెండుసార్లు ఒక ఆటో సంచులు తెచ్చి గల్లీలో సగం ధరకు ఇవ్వండి. ఊరికే ఇవ్వొద్దు, రెండు రూపాయలైనా తీసుకోండి. కొనుక్కున్నదాన్ని మొహమాటం లేకుండా ఏరుకుంటారు, వాడిపోయిందంటే మీ మొహం మీదే చెబుతారు. ఆ మాట మీకు వినపడటం చాలా అవసరం. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే చాయ్ తాగితే పోతుంది. బస్తీలో పొద్దున చాయ్-బిస్కెట్లతోనే పదకొండు దాకా నెట్టుకొచ్చే ఆడవాళ్లు ఎందరో. చాయ్ మానమని చెప్తే మిమ్మల్ని మళ్లీ రానివ్వరు. భోజనానికీ చాయ్‌కీ మధ్య గంట గ్యాప్ ఇవ్వమంటే వింటారు. కళ్లు తిరుగుతున్నాయి, ఆయాసం వస్తోంది అనేవాళ్లకు బస్తీ దవాఖానాలో రక్త పరీక్ష ఉచితం. హిమోగ్లోబిన్ 12 కంటే, గర్భిణులకు 11 కంటే తక్కువుంటే ఆకుకూరతోనే సరిపెట్టకుండా మాత్రలు వేసుకోవాలి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. ఒంటరి మగవాళ్లు, అడ్డా కూలీల కోసం మీరు వండక్కర్లేదు. 2014 మార్చి నుంచి జీహెచ్ఎంసీ ఐదు రూపాయల భోజనం ఉంది. ఇప్పుడు వాటిని ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నారు. 2025 సెప్టెంబర్ చివర్లో ఐదు రూపాయల టిఫిన్ కూడా మొదలైంది, అదీ మీ మోతీనగర్‌లోనే. నడవలేని ముసలివాళ్లకు అక్కడినుంచి తెచ్చిపెట్టే కుర్రాడు దొరికితే చాలు. ఫంక్షన్ హాళ్లలో మిగిలిన తిండి జోలికి కొత్తల్లో వెళ్లకండి. బిర్యానీ నాలుగు గంటలు బయట ఉండి ఎవరికైనా వాంతులైతే మీ పేరుతో పాటు మీ పనీ పోతుంది. చేసేవాళ్లు వేడి చూసుకుని, గంటల లెక్క చూసుకుని చేస్తారు. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి రోజూ అన్నం పెడుతున్న అజర్ మక్సూసి లాంటివాళ్ల దగ్గర ఒక పూట నిలబడి చూడండి. ఎవరినీ వివరాలు అడగరు, కూర్చున్నవాళ్లకు వడ్డిస్తారు. ఇక ఫొటోలు. పళ్లెం పట్టుకున్న చేతులు కనిపించని ఫొటోలు తీసుకోండి, లేదా అసలు తీసుకోకండి. ఫ్లెక్సీ వేయిస్తే నాకు మళ్లీ ఉత్తరం రాయొద్దు.

చివరగా, చిన్నపిల్లలకు మధ్యాహ్నం పెట్టడానికి ఏం చేయాలంటే, మన ఊరి పేరుతోనే ఒక పిండి ఉంది. జాతీయ పోషకాహార సంస్థవాళ్లు తయారుచేసిన "హైదరాబాద్ మిక్స్". ఒక పూటకు వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. దీంతో 330 కేలరీలు, 11 గ్రాముల ప్రొటీన్ వస్తాయి. మీరు ఒకేసారి రెండు కిలోల గోధుమలు, 800 గ్రాముల శనగపప్పు, అరకిలో పల్లీలు, కిలో బెల్లం తీసుకుంటే సరిగ్గా 50 పూటలకు వస్తుంది. మొన్న మా కిరాణా కొట్టు ధరలతో లెక్కేస్తే పూటకు ఏడు రూపాయల లోపే పడింది. పెద్దావిడ చూసే పదిమందితో పాటు గల్లీలో ఇంకొందరిని కలిపి 25 మంది పిల్లలనుకుంటే, నెలకు 26 రోజులకు నాలుగున్నర వేలు. పెద్దావిడ జీతం, గుడ్లు, ఇది కలిపితే 17 వేలు. మిగిలిన మూడు వేలు ఆటోలకు, మీసేవకు, ఆకుకూరల తరుగుకు.

ఆరు నెలల లోపు పసివాళ్లకు ఇది పెట్టకూడదు, వాళ్లకు తల్లిపాలే. ఏడాది దాటినవాళ్లకు పాలతోనో కాచి చల్లార్చిన నీళ్లతోనో కలిపి జావలా ఇవ్వొచ్చు, పెద్దపిల్లలకు ఉండలు కట్టొచ్చు. కొత్తలో సగం పూటతో మొదలుపెట్టండి. ముడతలు పడ్డ, నల్లబడ్డ, ముక్కవాసన వచ్చే పల్లీలు ఏరి పారేయాలి, పొదుపని కలపొద్దు. గోధుమలు, శనగపప్పు దోరగా వేయించి గిర్నీలో పట్టించండి, బెల్లం తురిమి కలపడం మాత్రం డబ్బాల్లోకి సర్దే రోజున. పల్లీలు గిర్నీకి పంపకండి. నూనె వదిలి రాళ్లకు అంటుకుంటుంది, గిర్నీ ఆయన తిడతాడు. వాటిని విడిగా వేయించి, పూర్తిగా చల్లారాక పొట్టు తీసి, ఇంట్లో మిక్సీలో ఆపి ఆపి తిప్పుకోండి.